చదివినదాని చిరునామా: అమెరికాలో పఠన టిప్పణుల చరిత్ర

1814 ఆగస్టులో బ్రిటిష్ సేనలు వాషింగ్టన్ నగరంలో ప్రవేశించి కాపిటల్ భవనానికి నిప్పు పెట్టినప్పుడు, అందులో ఉన్న కాంగ్రెస్ గ్రంథాలయం కూడా కాలిపోయింది. ఆ లోటు తీర్చడానికి మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మాంటిచెల్లోలోని తన సొంత గ్రంథాలయాన్ని అమ్మడానికి ముందుకు వచ్చాడు. 1815లో కాంగ్రెస్ 6,487 సంపుటాలను 23,950 డాలర్లకు కొన్నది. పుస్తకాలు బండ్ల మీద రాజధాని చేరాయి. వాటితో పాటు జెఫర్సన్ స్వయంగా తయారు చేసుకున్న పట్టిక కూడా చేరింది. జ్ఞాపకశక్తి, హేతువు, కల్పన అని ఫ్రాన్సిస్ బేకన్ చేసిన విభజనను అనుసరించి అతడు తన పుస్తకాలను 44 అధ్యాయాలుగా అమర్చుకున్నాడు. ఒక్కొక్క అధ్యాయం లోపల కొన్నిచోట్ల కాలక్రమాన్ని, కొన్నిచోట్ల విషయక్రమాన్ని, కొన్నిచోట్ల రెండింటినీ కలిపి పాటించాడు.

ఆ పట్టికను అచ్చు వేయించిన గ్రంథపాలకుడు జార్జ్ వాటర్‌స్టన్ అధ్యాయాలను ఉంచి, వాటి లోపలి వరుసను మాత్రం అకారాదిగా మార్చేశాడు. జెఫర్సన్‌కు అది నచ్చలేదు. 1823లో నికొలస్ ట్రిస్ట్ చేత పాత వరుసలోనే మరొక ప్రతి రాయించాడు. ఆ రాతప్రతి ఎవరి కంటా పడక, 1980లలో మళ్ళీ వెలుగులోకి వచ్చి, 1989లో అచ్చయింది.

ఇది ఇద్దరు మనుషుల అభిరుచి భేదం మాత్రమే కాదు. పేరు తెలిసిన పుస్తకాన్ని వెదికి పట్టుకోవడానికి అకారాది క్రమాన్ని మించినది లేదు. కానీ ఒక పుస్తకం పక్కన మరొక పుస్తకం ఎందుకున్నదో ఆ క్రమం చెప్పదు. జెఫర్సన్ వరుసలో అతడి చదువు ఉన్నది. వాటర్‌స్టన్ వరుసలో చదవబోయేవాడి సౌకర్యం ఉన్నది. చదివినదాన్ని ఎక్కడ పెట్టాలి, పెట్టినదాన్ని ఎలా చేరుకోవాలి, ఒకదాన్నుంచి మరొకదానికి ఎలా నడవాలి అనే మూడు ప్రశ్నలు అప్పటినుంచి నేటి వ్యక్తిగత వికీల దాకా అమెరికన్ పాఠకులను వెన్నాడుతూనే ఉన్నాయి.

ఎత్తిరాత పుస్తకాలు

జెఫర్సన్ కాలపు విద్యార్థులు చదివిన గ్రంథాలనుంచి నచ్చిన భాగాలను ఒక పుస్తకంలోకి ఎత్తి రాసుకునేవారు. దానిని కామన్‌ప్లేస్ బుక్ అనేవారు. తెలుగులో ఎత్తిరాత పుస్తకం అనవచ్చు. జెఫర్సన్ సాహిత్యానికి ఒకటి, న్యాయశాస్త్రానికి ఒకటి పెట్టుకున్నాడు. 1770లో షాడ్‌వెల్‌లోని అతడి ఇల్లు తగలబడి పుస్తకాలు, కాగితాలు చాలా భాగం పోయినా, ఈ సాహిత్యపు ఎత్తిరాత పుస్తకం మిగిలింది. యౌవనంలో అతడు ఏం చదివాడో తెలుసుకోవడానికి చరిత్రకారులకు నేడు అదే ముఖ్య ఆధారం.

ఎత్తి రాయడం సులువే. రాసినది పదేళ్ళ తరువాత దొరకడం కష్టం. దీనికి ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ ఒక ఉపాయం చెప్పాడు. 1686లో ఫ్రెంచిలో, 1706లో ఇంగ్లీషులో అచ్చయిన ఆ పద్ధతి అట్లాంటిక్ దాటి అమెరికన్ చదువరులలోనూ వ్యాపించింది. విషయానికి ఒక శీర్షిక పెట్టాలి. ఆ శీర్షిక మొదటి అక్షరాన్ని, దాని తరువాత వచ్చే మొదటి అచ్చును తీసుకోవాలి. రెండు పుటల సూచికలో ఆ జంటకు కేటాయించిన గడిలో పుట సంఖ్య వేయాలి. తెలుగు పాఠకుడికి ఇది వెంటనే బోధపడుతుంది. లాక్ చేసినది హల్లులకు గుణింతం కట్టడం వంటిదే. క, కి, కు, కె, కొ అని ఐదేసి గడులు గీసి, ఒక్కొక్క గడిలో ఆ అక్షరంతో మొదలయ్యే విషయాల పుటలు వేసుకున్నట్టు. పుస్తకాన్ని ముందుగా భాగాలు చేసి, కొన్ని నిండిపోగా కొన్ని ఖాళీగా మిగిలిపోయే ఇబ్బంది దీనితో తప్పింది. వచ్చినది వచ్చిన వరుసలో రాసుకుంటూ పోవచ్చు. దారి చూపించే బాధ్యత సూచికది.

మసాచుసెట్స్ మతాచార్యుడు జానథన్ ఎడ్వర్డ్స్ ఇంకొక దారి పట్టాడు. తన ఆలోచనలను విడివిడి ఖండికలుగా రాసి, ముందు అక్షరాలతోనూ తరువాత అంకెలతోనూ గుర్తులు వేశాడు. అలా దాదాపు 1,400 ఖండికలు పోగయ్యాయి. పుటకూ పుటకూ మధ్య తెల్లకాగితం చేర్చి కుట్టిన బైబిలు ప్రతి ఒకటి 1730లో అతడి చేతికి వచ్చింది. అందులోనూ వేల టిప్పణులు రాసి, ఒకచోటినుంచి మరొకచోటికి సంఖ్యలతో దారి చూపాడు. ఖండికకు ఒక స్థిరమైన గుర్తు ఉండాలి, ఆ గుర్తుతో దాన్ని ఎక్కడినుంచైనా పిలవగలగాలి. నేటి వికీ పుట పని చేసేది ఈ సూత్రం మీదనే.

రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ 1820లో మొదలుపెట్టి అర్ధ శతాబ్దానికి పైగా దినచర్య పుస్తకాలు రాశాడు. అవి అతడికి పొదుపు ఖాతా వంటివి. ఉపన్యాసాలకూ వ్యాసాలకూ కావలసిన పెట్టుబడి వాటినుంచే తీసుకునేవాడు. ఖాతా పెద్దదైన కొద్దీ సూచికలు అవసరమయ్యాయి. 1840లలో సూచికలన్నిటినీ కలిపి మరొక పెద్ద సూచిక చేసుకోవలసి వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1960–1982 మధ్య ఈ పుస్తకాలను 16 సంపుటాలుగా ప్రకటించింది.

అట్టముక్కల యుగం

కుట్టిన పుస్తకానికి ఒక పరిమితి ఉన్నది. అందులోని పుటలను తీసి వేరొక వరుసలో పేర్చలేము. గ్రంథాలయాలు ఈ పరిమితిని కార్డుతో దాటాయి. 1860ల ఆరంభంలో హార్వర్డ్‌లో ఎజ్రా అబట్ పాఠకులే స్వయంగా చూసుకోగల కార్డు పట్టికను ఏర్పరచాడు. 1876లో మెల్విల్ డ్యూయీ దశాంశ వర్గీకరణను ప్రకటించాడు. అదే ఏడు ఫిలడెల్ఫియాలో అమెరికన్ గ్రంథాలయ సంఘం పుట్టింది. కార్డుల కొలతలు ఒకే తీరున ఉండాలన్న పట్టుదల ఆ తరం గ్రంథపాలకులది. 1901 నుంచి కాంగ్రెస్ గ్రంథాలయం అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్మసాగింది. దీనితో ఒకచోట ఒకరు చేసిన పుస్తక వివరణ దేశమంతటా పనికివచ్చింది.

ఈ పద్ధతి భారతదేశానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1910లో బరోడా సంస్థానం అమెరికన్ గ్రంథపాలకుడు విలియం బోర్డెన్‌ను పిలిపించుకుని గ్రంథాలయ వ్యవస్థను నిర్మింపజేసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది.

గ్రంథాలయపు కార్డు క్రమంగా పరిశోధకుడి బల్ల మీదికి వచ్చింది. ఒక కార్డు మీద ఒక విషయం, పై మూలన శీర్షిక, కింద ఆకరం, పుట సంఖ్య. అమెరికన్ కళాశాలల్లో పరిశోధన వ్యాసం రాయడమంటే తరాలపాటు ఈ కార్డులు రాయడమే. అయితే ఒక కార్డుకు ఒకే చోటు ఉంటుంది. శ్రీనాథుడి పలనాటి వీరచరిత్ర గురించి రాసిన కార్డును శ్రీనాథుడి కింద పెట్టాలా, పలనాడు కింద పెట్టాలా, ద్విపద కింద పెట్టాలా? మూడు ప్రతులు రాస్తే దిద్దుబాటు మూడుచోట్లా చేయాలి.

అంచుల్లో రంధ్రాలున్న కార్డులు ఈ చిక్కును కొంత విడదీశాయి. ఒక్కొక్క రంధ్రం ఒక్కొక్క విషయానికి గుర్తు. కార్డుకు వర్తించే విషయాల దగ్గర రంధ్రాన్ని అంచు దాకా కత్తిరిస్తారు. కట్టలోకి ఒక పొడవాటి సూదిని దూర్చి పైకి ఎత్తితే, కత్తిరించిన కార్డులు జారి కింద పడతాయి. కట్టను ఏ వరుసలో పెట్టినా ఫరవాలేదు. ఇలాంటి కార్డులతో తన టిప్పణులను సర్దుకున్నవారిలో కాలిఫోర్నియా ఇంజనీరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒకడు. మానవ మేధను యంత్ర సాయంతో పెంపొందించడం గురించి 1962లో సమర్పించిన నివేదికలో అతడు తన కార్డుల అనుభవాన్ని వివరంగా రాశాడు.

బాట వేసే బల్ల

ఎంగెల్‌బార్ట్‌ను ఈ దారిలోకి మళ్ళించినది ఒక పత్రికా వ్యాసం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో నౌకాదళ ఉద్యోగిగా ఫిలిప్పీన్స్‌లోని లేతే దీవిలో ఉన్నప్పుడు, రెడ్‌క్రాస్ వారు ఒక పాకలో నడిపే గ్రంథాలయంలో వానెవార్ బుష్ వ్యాసం అతడి కంటపడింది. యుద్ధకాలంలో అమెరికన్ శాస్త్ర పరిశోధనలన్నిటికీ సారథ్యం వహించిన బుష్ 1945 జూలై అట్లాంటిక్ మంత్లీలో ఆ వ్యాసం ప్రకటించాడు.

బుష్ ఆవేదనకు కారణం పుస్తకాలు తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. మెండెల్ జన్యు సూత్రాలు అచ్చయి కూడా, అర్థం చేసుకోగలవారి చేతికి అందక ఒక తరం పాటు మరుగున పడ్డాయని అతడు గుర్తు చేశాడు. వర్గీకరణ పట్టికలు ఒక మెట్టునుంచి మరొక మెట్టుకు దించుతూ పోతాయి. మనసు అలా నడవదు, ఒక తలపు మరొక తలపును పిలుస్తుంది అన్నది అతడి వాదం. దానికి తగ్గట్టు మీమెక్స్ అనే బల్లను ఊహించాడు. అందులో పాఠకుడి పుస్తకాలు, ఉత్తరాలు, టిప్పణులు మైక్రోఫిల్ము మీద ఉంటాయి. రెండు తెరల మీద రెండు పుటలను పక్కపక్కన తెచ్చి, మీట నొక్కి వాటిని శాశ్వతంగా ముడివేయవచ్చు. శిలువ యుద్ధాల్లో తురుష్కుల పొట్టి విల్లు ఆంగ్లేయుల పొడవాటి విల్లుకన్నా ఎందుకు మెరుగ్గా పనిచేసిందో వెదికే పాఠకుణ్ణి అతడు ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ పాఠకుడు విజ్ఞాన సర్వస్వంనుంచి చరిత్రకు, చరిత్రనుంచి పదార్థాల స్థితిస్థాపకతకు నడుస్తూ, దారిలో తన వ్యాఖ్యలు చేర్చుకుంటూ ఒక బాట వేస్తాడు. కొన్నేళ్ళ తరువాత మిత్రుడు అడిగితే ఆ బాటనంతా నకలు తీసి ఇవ్వగలడు.

మీమెక్స్ ఎన్నడూ తయారు కాలేదు. కానీ 1965లో టెడ్ నెల్సన్ హైపర్‌టెక్స్ట్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ లంకెలతో కూడిన పత్రాలను తెర మీద తెరిచి చూపించాడు. 1980లలో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఫ్రాంక్ హలాజ్, థామస్ మోరన్, రాండల్ ట్రిగ్ కలిసి నోట్‌కార్డ్స్ అనే వ్యవస్థను రూపొందించారు. పరిశోధకుడు ఆకరాలు చదివి, కార్డులు రాసి, వాటిని ముడివేసి, చివరికి వ్యాసం రాసే క్రమమంతా కంప్యూటరు మీదికి తేవడమే దాని ఉద్దేశం.

నోట్‌కార్డ్స్ నేర్పిన పాఠం ఊహించినది కాదు. కార్డు తెరవగానే దానికి పేరు పెట్టమని, ఏదో ఒక పెట్టెలో చేర్చమని వ్యవస్థ అడిగేది. విషయం ఇంకా తేలకముందే దానికి స్థానం నిర్ణయించవలసి రావడం వాడుకరులకు ఇబ్బందిగా ఉందని తరువాతి సమీక్షలో హలాజ్ ఒప్పుకున్నాడు. అకాలంలో అమర్చిన అమరిక ఆలోచనకు సంకెల అవుతుంది.

త్వరత్వరగా

1987 ఆగస్టులో ఆపిల్ సంస్థ బిల్ అట్కిన్‌సన్ రూపొందించిన హైపర్‌కార్డ్‌ను విడుదల చేసింది. టెక్‌ట్రానిక్స్‌లో పనిచేస్తున్న వార్డ్ కనింగ్‌హామ్ దానితో సంస్థలోని మనుషులు, పథకాలు, ఆలోచనల గురించి ఒక కార్డుల కట్ట తయారుచేశాడు. అందులో ఒక చిన్న విశేషం ఉన్నది. లేని కార్డుకు లంకె ఇచ్చి దాన్ని నొక్కితే కొత్త కార్డు తెరుచుకుంటుంది. పుట పుట్టకముందే దాని పేరు పుడుతుంది.

ఇదే సూత్రాన్ని కనింగ్‌హామ్ 1995 మార్చి 25న వెబ్ మీదికి తెచ్చాడు. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సుకు ఉన్న ‘వికీ వికీ’ అనే పేరు తీసుకున్నాడు. హవాయి భాషలో ఆ మాటకు త్వరత్వరగా అని అర్థం. అది ప్రోగ్రామర్ల ఉమ్మడి చర్చకోసం పుట్టినా, ఒక్కడు తనకోసం నడుపుకోవడానికీ అంతే చక్కగా పనికివచ్చింది. 2001 జనవరిలో వికీపీడియా, 2004లో ఇంగ్లండులో జెరెమీ రస్టన్ చేసిన ఒకే దస్త్రంలో ఇమిడే టిడ్లీవికీ, 2006లో వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన జొటేరో ఈ వరుసలోవే. జొటేరో వికీ కాదు. పుస్తకాల వివరాలనూ ఉల్లేఖనాలనూ భద్రపరిచే పనిముట్టు. ఒకటి ఆలోచనల మధ్య ముడులను, ఒకటి ఆకరాల వివరాలను చూసుకుంటే, రెండూ కలిసి పాత పరిశోధకుడి రెండు కార్డుల పెట్టెలకు సమానమయ్యాయి.

వ్యక్తిగత వికీలో పుస్తకానికి ఒక పుట, రచయితకు ఒక పుట, విషయానికి ఒక పుట ఉంటాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘శృంగార శ్రీనాథము’ చదివిన పాఠకుడు ఆ పుస్తకం పుటలో కూర్పు వివరాలు రాసి, అందులోంచి కొండవీడుకు, పలనాటి వీరచరిత్రకు లంకెలు ఇస్తాడు. కొండవీడు పుట తెరిస్తే, దానివైపు చూపే పుటలన్నీ యంత్రమే జాబితా వేసి పెడుతుంది. కార్డును ఏ పెట్టెలో పెట్టాలన్న పాత చిక్కు అక్కడ తీరిపోయింది.

తెలుగు పేర్ల చిక్కులు

కనింగ్‌హామ్ మొదటి వికీలో లంకెకు ప్రత్యేకమైన గుర్తు లేదు. రెండు మూడు మాటలను కలిపేసి, ప్రతి మాట మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాస్తే అదే లంకె. పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేని తెలుగు లిపికి ఈ నియమం వర్తించదు. 1990ల ఆరంభంలో టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణలో రాస్తే ఇంకా విచిత్రం. అందులో పెద్దక్షరం ఉచ్చారణకు గుర్తు. దీర్ఘాలకు, ట-డ-ణ-ళ వంటి వాటికి వాడతారు. శ్రీనాథుడు అని రాస్తే నడుమ నడుమ పెద్దక్షరాలు పడి దానంతట అదే లంకెలా కనిపిస్తుంది. పోతన అని రాస్తే చిన్నక్షరంతో మొదలై లంకెకు నోచుకోదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, అది సామాన్యుడి కంప్యూటరులోకి రావడానికి ఏళ్ళు పట్టింది. 2001లో వికీపీడియా జంట చతురస్ర కుండలీకరణాల మధ్య ఏ మాటనైనా లంకెగా చేసే వీలు కల్పించాక, లిపి అడ్డు తొలగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది.

లిపి అడ్డు తొలగినా భాషా స్వభావం మిగిలింది. పుట పేరు శ్రీనాథుడు. వాక్యంలో వచ్చేది శ్రీనాథుని, శ్రీనాథుడికి, శ్రీనాథుడన్నాడు. నన్నయ, నన్నయ్య, నన్నయభట్టు ఒక్కరే అని యంత్రానికి చెప్పాలి. ఇంటిపేరు ముందు వచ్చే మన పద్ధతి ఎరగని ఉల్లేఖన సాఫ్ట్‌వేరు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటే, వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లాది రామకృష్ణశాస్త్రి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ముగ్గురూ ‘శాస్త్రి’ కింద చేరతారు. పాత పుస్తకం ముఖపత్రం మీద ప్రమోదూత అని మాత్రమే ఉంటే అది 1930 కావచ్చు, అరవై ఏళ్ళ తరువాత 1990 కావచ్చు. కావ్యాలకు పుట సంఖ్య ఇస్తే మరొక కూర్పులో పనికిరాదు. ఆశ్వాసం, పద్యసంఖ్య ఇస్తేనే నిలుస్తుంది.

అమెరికాలోని తెలుగు పాఠకుడికి ఈ వివరాలు అలంకారాలు కావు. 1962లో మొదలైన పీఎల్-480 పథకం కింద అమెరికన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో చేరాయి. అవి రోమన్ అక్షరాల్లో పట్టికలకెక్కాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి ప్రారంభించిన పది లక్షల పుస్తకాల పథకం మరెన్నో తెలుగు పుస్తకాలను తెర మీదికి తెచ్చింది. వాటిలో చాలావాటి పేర్లు తప్పుల తడకలుగా నమోదయ్యాయి. పుస్తకం ఉన్నది, కానీ సరైన పేరుతో వెదికితే కనిపించదు. ఒకసారి శ్రమపడి కనుగొన్న పాఠకుడు సరైన పేరు, కూర్పు, దొరికిన చోటు రాసి పెట్టుకోకపోతే, రెండవసారి అంతే శ్రమ పడాలి.

తెగిన లంకె, మిగిలిన పేరు

వెబ్ చిరునామా నమ్మదగినది కాదు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉటంకించిన వెబ్ లంకెల్లో సుమారు సగం అసలు సమాచారాన్ని ఇక చూపడం లేదని హార్వర్డ్ న్యాయ కళాశాల పరిశోధకులు 2013–14 ప్రాంతంలో తేల్చారు. తీర్పు నిలిచి ఉన్నది. దాని ఆధారం పోయింది. దేశపు అత్యున్నత న్యాయస్థానానికే ఈ గతి అయినప్పుడు, ఒంటరి పాఠకుడి వికీ గురించి చెప్పనక్కరలేదు. లంకె ఒక్కటే రాసుకున్నవాడికి అది తెగిన రోజున ఏమీ మిగలదు. రచయిత, గ్రంథం, కూర్పు, ఆశ్వాసం రాసుకున్నవాడు మరొక ప్రతిని వెదుక్కోగలడు.

ఈ సత్యానికి తెలుగులో ఆరు వందల ఏళ్ళ నాటి నిదర్శనం ఉన్నది. పదిహేనవ శతాబ్దంలో మడికి సింగన తనకు అందిన నీతి గ్రంథాలనుంచి పద్యాలు ఎత్తి రాసి, విషయాలవారీగా అమర్చి, సకలనీతిసమ్మతము కూర్చాడు. పద్యం ఏ గ్రంథంలోదో పేరు కూడా చెప్పాడు. మానవల్లి రామకృష్ణకవి దానిని పరిష్కరించి ప్రకటించేనాటికి ఆ మూల గ్రంథాల్లో కొన్ని నశించిపోయాయి. ముద్రామాత్యము అనే కావ్యం ఒకటి ఉండేదని తెలిసేది, దాని పద్యాలు కొన్నైనా చదవగలిగేది సింగన ఎత్తిరాత వల్లనే. వర్ణనలవారీగా పద్యాలు కూర్చిన పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరమూ ఇలాగే, కావ్యాలు పోయిన కవులను పేర్లతో సహా నిలబెట్టింది.

సింగన వద్ద యంత్రం లేదు, లంకె లేదు, అకారాది సూచిక లేదు. అతడు పద్యం పక్కన గ్రంథం పేరు రాశాడు. ఆ ఒక్క మాట రాయకపోయి ఉంటే ముద్రామాత్యం పద్యాలు ఎవరివో తెలియని చాటువులుగా మిగిలేవి.